ఏడో ప్రోగ్రాంలో రసజ్ఞ

నానక్‌రామ్‌గూడ,
జూన్.

పిన్నికి,

డాక్టరు నీ నోటికి తాళం వేశాడని అమ్మ చెప్పింది. ఇన్నేళ్ళు క్లాసుల్లో అరిచినందుకు గొంతులో కాయలు కాశాయట, ఆపరేషన్ అయింది కాబట్టి ఈ వానాకాలమంతా గుసగుసలు కూడా పనికిరావట. "దానికి తోచదే, నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండు" అంది అమ్మ. కనిపెట్టుకుని ఉండటానికి మియాపూర్ దగ్గరే, కానీ మధ్యలో గచ్చిబౌలి ట్రాఫిక్ ఉంది. వచ్చినా నేను మాట్లాడుతుంటే నువ్వు పలక మీద రాయాలి. వాట్సాప్‌లో మాట్లాడటం ఎక్కిళ్ళు పెట్టినట్టుంటుందని నువ్వే అన్నావు. అందుకని మెయిల్‌లో పెద్ద ఉత్తరాలు రాసుకుందాం. నేను మొదలుపెట్టాను.

నా పని ఏమిటో నీకు తెలుసు. అమ్మ మాత్రం ఇప్పటికీ చుట్టాలకు "కంప్యూటర్లకు వైరస్ మందు వేస్తుంది" అని చెబుతోంది. ఆస్పత్రులూ బడులూ తమ సాఫ్ట్‌వేర్‌ను మా కంపెనీకి అప్పగిస్తే, దొంగ ఎటునుంచి రాగలడో మేం ముందే వెతికి చెబుతాం. ఈ మధ్య ఒక పళ్ళ ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. లోపలికి వెళ్ళే హక్కున్నవాళ్ళ పేర్లలో అందరికంటే పైన "రసజ్ఞ" అని ఉంది. డాక్టర్ల కంటే పైన. ఎవరో ఇంకో రసజ్ఞ అనుకున్నాను. పాస్‌వర్డ్ చూస్తే "బంగారుకొండ".

నన్ను అలా పిలిచే మనిషి ప్రపంచంలో ఒక్కతే. ఆమె ప్రస్తుతం మాట్లాడకూడదు. ఈ వారం ఒక బడి ఫీజుల సాఫ్ట్‌వేర్‌లోనూ అదే పేరు, అదే పాస్‌వర్డ్ కనిపించాయి. ఏమిటి పిన్నీ ఇది?

నీ
రసజ్ఞ


మియాపూర్,
జూన్.

బంగారుకొండకు,

నవ్వకూడదని కూడా డాక్టరు చెప్పాడు. నీ ఉత్తరం చదివి నవ్వాను, గొంతు మండింది, ఆ పాపం నీదే.

మా కాలేజీ ల్యాబ్ మాన్యువల్ రాసింది నేనేనని తెలుసు కదా. రాసిన ఏడాది నువ్వు రెండో తరగతి. వేసవి సెలవులకు వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని మామిడి తాండ్ర తింటూ కీబోర్డంతా జిగురు చేశావు. ఏడో ప్రోగ్రాం లాగిన్ పేజీ. పేరూ పాస్‌వర్డూ కొడితే లోపలికి వెళ్ళాలి. అది పనిచేస్తుందో లేదో చూడటానికి ముందుగా ఒక మనిషి పేరు అందులో పెట్టాలి. ఎవరి పేరు పెడతాను? ఎదురుగా తాండ్ర మూతితో ఉన్నదాని పేరు పెట్టాను.

ఆ తర్వాత ఎన్ని బ్యాచ్‌లు పోయాయో, అందరూ ఆ ప్రోగ్రామే రాశారు. నీకు మా రికార్డుల సంగతి తెలియదు. మాన్యువల్‌లో ఉన్నది మక్కీకి మక్కీ రికార్డులోకి ఎక్కాలి. పరీక్షకు బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ మాన్యువల్‌ను పక్కన పెట్టుకుని చూస్తాడు. ఎవడైనా తెలివికి పోయి నీ పేరు తీసేసి వాడి పేరు రాసుకుంటే, అవుట్‌పుట్ తేడా వచ్చిందని మార్కులు కోస్తాడు. అందుకే మొదటి రోజే చెబుతాను, అక్షరం మార్చకండిరా అని. వాళ్ళు ఉద్యోగాల్లో చేరాక కూడా మార్చలేదన్నమాట! నా మాట అంత బాగా విన్న శిష్యులు ఇంకెవరికైనా ఉన్నారేమో కనుక్కో.

నీకో కబురు. మా యాజమాన్యం కాలేజీలన్నిటిలోనూ ఇకమీదట నా మాన్యువల్లే పెడతారట. ఉపాధ్యాయ దినోత్సవం నాడు కొత్త ముద్రణ ఆవిష్కరణ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా కోసం ఒక సభ పెట్టడం ఇదే మొదలు. ఆనాటికి గొంతు వస్తే రెండు ముక్కలు మాట్లాడాలని ఉంది.

ఇంట్లో పనిచేసే లక్ష్మమ్మ నాతో తనూ సైగలే చేస్తోంది. "నాకు వినపడుతుంది, నువ్వు మాట్లాడు" అని పలక మీద రాసి చూపించాను. "నాకు చదువొస్తదా అమ్మా? ఏం రాసినవో ఏమో, ఇగ చాయ్ తాగు" అంది.

పిన్ని


నానక్‌రామ్‌గూడ,
జూలై.

పిన్నికి,

పోయిన ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు. అప్పటికి అది చిన్న విషయమే అనుకున్నాను.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఇలా ఒక పేరు ఉంది, దాంతో ఎవరైనా లోపలికి రావచ్చు అని నేను రిపోర్టు ఇస్తే, పళ్ళ ఆస్పత్రివాళ్ళు ఒక్కటే అడిగారు. వెతకడానికి వచ్చిన అమ్మాయి పేరే లోపల ఎందుకు ఉంది? ఆ పేరు ఎప్పుడు చేరిందో నమోదు చేసే ఏర్పాటు ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. బడివాళ్ళ దాంట్లోనూ నా పేరే బయటపడేసరికి, మా టీమ్ లీడర్ ఉదయ్ భాస్కర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. "రసజ్ఞ గారూ, నేను మిమ్మల్ని అనుమానించడం లేదండి. కానీ అనుమానించకపోవడానికి కారణం చూపించాలి కదండీ" అన్నారు. మర్యాదస్తుడు. నేను బయటికి వస్తుంటే తలుపు తనే తీసి పట్టుకున్నారు.

మెప్పు కోసం నేనే దొంగదారి పెట్టి, నేనే కనిపెట్టానని వాళ్ళ అనుమానం. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని. మర్నాడు గేటు దగ్గర నా కార్డు పనిచేయలేదు. సెక్యూరిటీ మహేశ్ "ఏంది మేడం, కార్డు తీస్కుంట లేదా? జర ఆగుండ్రి, లోపల అడిగొస్త" అని వెళ్ళాడు. వచ్చాక నా ముఖం చూడలేదు. "విచారణ అయ్యేదాంక ఇంటికాడ ఉండుమన్నరు మేడం. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు.

విచారణ ఆగస్టులో. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి మీ మాన్యువల్‌లో ఏడో ప్రోగ్రాం పేజీ ఒక్కటి చూపిస్తే చాలు. నా దగ్గర పాత కాపీ ఉంది. కానీ చూపిస్తే ఆ పేజీ రిపోర్టులోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి ఆ ఆస్పత్రికీ ఆ బడికీ మీ కాలేజీకీ వెళుతుంది. అట్ట మీద నీ పేరు ఉంది. నిన్ను అడగకుండా చూపించను.

భయంగా ఉంది పిన్నీ. ఈ ఊళ్ళో ఈ పనికి నమ్మకమే పెట్టుబడి. అది పోతే ఇంకో కంపెనీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు.

రసజ్ఞ


మియాపూర్,
జూలై.

చిరంజీవి రసజ్ఞకు ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. జవాబు రాసి చెరిపేశాను. మళ్ళీ రాస్తున్నాను.

ఏడో ప్రోగ్రాం పిల్లలకు తాళం అంటే ఏమిటో చూపించే బొమ్మ. బొమ్మ తాళాన్ని పట్టుకుపోయి ఆస్పత్రి తలుపుకు వేసుకుంటే తప్పు బొమ్మ చేసినవాళ్ళదా? రికార్డులో మార్చవద్దన్నాను గాని ఉద్యోగంలో మార్చవద్దని ఎవరికీ చెప్పలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటున్నానని నువ్వు అనుకుంటావు. అనుకో.

ఇన్నేళ్ళలో ఏ ఎగ్జామినరూ, ఏ ప్రిన్సిపాలూ ఆ పేజీ తప్పనలేదు. తప్పు అయితే ఒక్కరికైనా కనబడాలి కదా. ఇప్పుడు ఒక కంపెనీ గదిలో నలుగురు కూర్చుని ఆ పేజీ చేతులు మార్చుకుంటూ చూస్తారు. అట్ట తిప్పి నా పేరు చదువుతారు. ఆ తర్వాత నన్ను సభకు పిలిచి శాలువా కప్పేదెవరు?

నేను కోరేది పెద్దదేమీ కాదు. విచారణను సెప్టెంబరు దాకా వాయిదా వేయమని అడుగు. ఆవిష్కరణ అయ్యాక ఆ పేజీని ఊరంతా పంచిపెట్టుకో, నేనేమీ అనను. నెల తేడాలో నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు.

నాకు కోపంగా ఉంది. నీ మీద కాదని రాద్దామనుకున్నాను గాని, నీ మీదే. ప్రేమతో పెట్టిన పేరు అది. ప్రతి ఏడూ ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి క్లాసులో నాకు ఒక్కదానికే సంతోషంగా ఉండేది.

డాక్టరు ఇంకా మాట్లాడవద్దంటున్నాడు.

ఇట్లు
నాగేశ్వరి


మాదాపూర్,
ఆగస్టు.

నాగేశ్వరి పిన్నికి,

వాయిదా అడిగాను. ఇవ్వలేదు. పేజీ మాత్రం చూపించను. నా తరఫున చెప్పుకోవడానికి ఇంకేమైనా ఉంటే చెప్పుకుంటాను, లేకపోతే లేదు. ఈ విషయం ఇక వదిలేద్దాం.

ఈ ఉత్తరం ఇంకో పని మీద. ప్రియాంక గుర్తుందా? నీ దగ్గర చదువుకుంది, ఇప్పుడు ఇక్కడ ఉద్యోగం చేస్తూ మాదాపూర్‌లో అమ్మాయిల హాస్టల్లో ఉంటోంది. నేను ఖాళీగా ఉన్నానని తెలిసి రమ్మంది. వచ్చి రెండు రోజులైంది. ఆమెకు కొన్నాళ్ళుగా ఎవరో ఫోన్లు చేస్తున్నారు. మొన్న ఒకడు గది నంబరు చెప్పి, "మీ రూమ్మేట్ ఊరెళ్ళింది కదా, ఒక్కదానివే ఉన్నావా" అన్నాడట. పక్క గదుల్లో ఇంకొందరికి కూడా ఇలాగే వచ్చాయి. ఈ హాస్టల్లో ఊరెళ్ళేవాళ్ళు యాప్‌లో తేదీలు పెట్టాలి. ఆ పూటలకు వంటలో బియ్యం తగ్గిస్తారు.

హాస్టల్ నడిపేది కడప నుంచి వచ్చిన శారదమ్మ గారు. ఆమె అనుమతి తీసుకుని, ఆమె కంప్యూటర్లో, ఆమె నా పక్కన కూర్చుని ఉండగానే యాప్ తెరిచాను. పేరు దగ్గర రసజ్ఞ, పాస్‌వర్డ్ దగ్గర బంగారుకొండ అని కొట్టాను. తెరుచుకోకూడదని దండం పెట్టుకున్నాను. తెరుచుకుంది. అమ్మాయిల గదులు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ రాత్రి గదిలో ఉండరో, అన్నీ ఉన్నాయి. శారదమ్మ గారు తెర వైపు చూసి, నా వైపు చూశారు. "నీ పేరు మా దాంట్లో ఎట్లుండాది పాపా? ముందెప్పుడన్నా ఈడ ఉంటివా?" అని అడిగారు. లేదండి అన్నాను. మిగతాది చెప్పలేకపోయాను.

ఆ యాప్ రాసింది నీ శిష్యుడు సందీప్ అని ప్రియాంక అంది. ఫోన్లు చేస్తున్నవాడు కూడా నీ మాన్యువల్ చదివినవాడే అయ్యుండాలి. బయటివాళ్ళకు ఆ పాస్‌వర్డ్ తెలిసే దారి లేదు. ప్రియాంక పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. సందీప్ నంబరు ఇక్కడ ఎవరి దగ్గరా లేదు, నీ దగ్గర ఉంటుంది. అతను తీసేయాల్సింది ఒక్క వరుస. వెంటనే రాయి.

నువ్వు బొమ్మ తాళం అన్నావు. ఇక్కడి అమ్మాయిలు తలుపుకు అడ్డంగా మంచం జరుపుకుని పడుకుంటున్నారు.

రసజ్ఞ


మియాపూర్,
ఆగస్టు.

రసజ్ఞా,

సందీప్ ఆ పూటే ఆ వరుస తీసేశాడు. "సారీ మేడమ్, అది అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయాను" అని రాశాడు. మంచి పిల్లవాడే. రికార్డుకు ఎప్పుడూ పూర్తి మార్కులు తెచ్చుకునేవాడు.

ప్రియాంక మొదటి బెంచీలో కూర్చునేది. దాని గది నంబరు ఎవడో వెధవకు తెలియడానికి నా పుస్తకం చాలింది. సిగ్గేసింది. నీకు రాసిన ఉత్తరంలో శాలువా గురించి రాసుకున్నాను చూడు, దానికి ఇంకా సిగ్గేసింది.

తర్వాత ఆ పేజీని ఫోటో తీసి, దాని మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి, నా పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను. "నేను నేర్పిన ఈ ప్రోగ్రాంలో ముందే పెట్టిన పేరుంది. మీరు రాసిన ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అది మిగిలి ఉంటే ఈ రోజే తీసేయండి. తప్పు నాది. నాగేశ్వరి" అని రాశాను. జవాబులు కుప్పలుగా వచ్చాయి. సగం మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకడు "ఎగ్జామ్‌కి వస్తుందా మేడమ్" అన్నాడు, వాడు ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. రాకేష్ అని ఒకడు, "మీరు చెప్పినట్టే చేశాం మేడమ్, మా దాంట్లో రసజ్ఞ తీసేసి శిరీష పెట్టాం" అని రాశాడు. ఇప్పుడు వాళ్ళకు ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతున్నాను, మనిషి పేరు మార్చడం కాదురా, ఆ వరుసే ఉండకూడదని. వేళ్ళు నొప్పెడుతున్నాయి. అరిచి చెప్పడమే సులువు.

మీ ఉదయ్ భాస్కర్ గారికి కూడా మెయిల్ పంపాను. ఏడో ప్రోగ్రాం పేజీ, పాత ముద్రణల అట్టలు, నువ్వు రెండో తరగతిలో ఉండగా ఆ పేరు నేనే పెట్టానని నా సంతకంతో ఒక కాగితం, అన్నీ పెట్టాను. నువ్వు ఇన్నాళ్ళూ ఎందుకు చూపించలేదో కూడా రాశాను.

మా డైరెక్టరు గారికి చెబితే పండ్లు పట్టుకుని ఇంటికి వచ్చారు. "పుస్తకాలు అచ్చయిపోయాయండి మేడమ్. ఇప్పుడు తప్పంటే ఎలాగండి? వచ్చే ముద్రణలో చూసుకుందాం, ఎవరు చదువుతారండీ అంత వివరంగా" అన్నారు. పలక మీద "వద్దు" అని రాసి చూపించాను. ఆయన విశ్రాంతి తీసుకోమని చెప్పి వెళ్ళిపోయారు. ఈ ఏడు వేరేవాళ్ళ పుస్తకం పెడుతున్నారని తర్వాత కబురు వచ్చింది. సభ లేదు.

బాధ లేదని రాయను. ఉంది.

పిన్ని


నానక్‌రామ్‌గూడ,
సెప్టెంబరు.

పిన్నికి,

నా కార్డు మళ్ళీ పనిచేస్తోంది. మహేశ్ "జెప్పిన గద మేడం" అని గేటు తీశాడు.

విచారణలో పెద్దగా మాట్లాడాల్సిన అవసరం రాలేదు. నీ కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఒకాయన పేజీ చూసి, "మా కాలేజీలోనూ ఇలాంటిదే ఉండేది, మేం కూడా మార్చకుండా రాసేవాళ్ళం" అన్నాడు. దాంతో విచారణ ముగిసింది. ఉదయ్ భాస్కర్ గారు నాకు క్షమాపణ చెప్పారు. ఆ పళ్ళ ఆస్పత్రి మాత్రం ఇంకో కంపెనీకి వెళ్ళిపోయింది.

ప్రియాంకకు ఫోన్లు ఆగాయి. చేసినవాడెవడో ఇంకా తేలలేదు. శారదమ్మ గారు యాప్ మానేసి, ఊరెళ్ళేవాళ్ళను వంటమనిషి ఎల్లమ్మకు నోటితో చెప్పి వెళ్ళమన్నారు. దానికంటే మంచి ఉపాయం ఇప్పటికి నేనూ చెప్పలేను.

నిజం చెబుతాను. నువ్వు నాకు ముందు చెప్పకుండా ఆ కాగితాలు పంపినందుకు మొదట ప్రాణం లేచి వచ్చింది. ఆ సంతోషం చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. ఉపాధ్యాయ దినోత్సవం నాడు మీ ఇంటికి వచ్చి నీ పక్కన బెండకాయలు తరుగుతూ కూర్చున్నాను కదా, ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో ఏడ్చాను.

ఒక విషయం అడగాలి. తరగతిలో నేర్పిన ప్రోగ్రాంలు ఊరి సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా చేరుతున్నాయో మా ఆఫీసులో ఒక పరిశోధన పత్రం రాయమన్నారు. రాశాను. "ఒక కళాశాల ల్యాబ్ మాన్యువల్" అని ఊరుకున్నాను. ఆధారం పేరు చెప్పకపోతే పత్రం నిలబడదని ఉదయ్ భాస్కర్ గారు అంటున్నారు. నీకు ఇష్టం లేకపోతే ఇంకెవరికీ చెప్పకుండా పక్కన పెట్టేస్తాను. నిజంగానే అంటున్నాను.

నీ
రసజ్ఞ


మియాపూర్,
అక్టోబరు.

అమ్మాయ్,

పేరు రాయి. ఇంటిపేరుతో సహా రాయి. కాలేజీ పేరు మాత్రం వాళ్ళను అడిగి రాయి, ఆ విషయంలో నాకు అధికారం లేదు.

డాక్టరు రోజుకు కాసేపు మాట్లాడవచ్చన్నాడు. నిన్న మళ్ళీ ల్యాబ్‌కు వెళ్ళాను. గొంతు నాది కాదు, గాలి కొట్టే గొట్టంలా ఉంది. మొదటి రోజు కాబట్టి పిల్లలు జాలిపడి చప్పుడు చేయలేదు.

కొత్త పుస్తకం పక్కన పెట్టించి, పాత మాన్యువల్ ఏడో ప్రోగ్రాంను బోర్డు మీద నేనే రాశాను. నీ పేరు, పాస్‌వర్డ్, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఎర్రగీత లేదు. "చూడండి" అన్నాను, అంతే. ఇందులో తప్పు పట్టుకోండి అని చెబితే పట్టుకుంటారు, అది నాకు తెలుసు. చెప్పకపోతే ఏం చేస్తారో చూద్దామనుకున్నాను.

అందరూ రికార్డులు తెరిచారు. పెన్నులు తీసి రాయడం మొదలుపెట్టారు. ఒకడు స్కేలు పెట్టి మార్జిన్ కూడా గీసుకున్నాడు. నేను వరుసల మధ్య తిరుగుతుంటే నీ పేరు బెంచీ బెంచీకీ కనబడింది. కొందరివి ముత్యాల్లాంటి అక్షరాలు. ఇన్నేళ్ళూ ఇదే చూసి సంతోషపడ్డాను కదా అనుకుంటూ కిటికీ దగ్గర ఆగిపోయాను.

అక్కడ కూర్చున్న అమ్మాయి వికారాబాద్ వైపు నుంచి వచ్చి చదువుకుంటోంది. పెన్ను చేతిలో ఉంది గాని రాయడం లేదు. బోర్డు వైపు చూస్తోంది. గొంతు పట్టుకుని ఏమిటని సైగ చేశాను.

"మేడమ్, రసజ్ఞ ఎవరు?" అంది.

ఇన్ని బ్యాచ్‌లలో ఎవరూ అడగలేదే ఆ మాట. ఒక్కరు కూడా.

"మా అక్క కూతురు" అన్నాను. అది వినడానికి పిల్లలంతా తలలు ఎత్తారు.

"మరి ఆమె పేరు పెట్టొచ్చా అని ఆమెను అడిగిండ్రా మేడమ్?"

లేదన్నాను. ఎంత చిన్నగా వచ్చిందో ఆ మాట, వెనక వాళ్ళకు వినపడలేదేమో. కానీ ఆ అమ్మాయికి వినపడింది.

"అయితే నేను రాయ మేడమ్" అని రికార్డు మూసేసింది.

సాయంత్రం మార్కులు వేసేటప్పుడు దాని రికార్డు తెరిచాను. పేజీ తెల్లగా ఉంది. పదికి పది వేసి సంతకం చేశాను.

పిన్ని